రెండోది నాదే

“పెట్టెలు రెండూ ఇలా ఇచ్చేయండి. ఇక మీరిద్దరూ వాటిని ముట్టుకోవడానికి వీల్లేదు,” అంది పళ్ళ డాక్టరు భార్య.

డాక్టరు తన గిటారు పెట్టెని పసిపిల్లని అందించినంత జాగ్రత్తగా అందించాడు. అతని బావమరిది మాత్రం పెట్టె వదలకుండా నసిగాడు.

“అక్కా, నాది ఒక్క ఐదు నిమిషాలు...”

“అర నిమిషం కూడా కుదరదు. శ్రుతి చూసుకుంటానని మీ బావ పొద్దుటి నుంచీ నా ప్రాణం తీస్తున్నారు. ఆయన్నే ముట్టుకోనివ్వలేదు.”

“అది కాదక్కా...”

పెట్టె లాక్కుని ఆమె లోపలిగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఓడిపోతానని తెలిసి వీడు ముందే సాకులు వెతుక్కుంటున్నాడని డాక్టరు లోలోపల మురిసిపోయాడు.

గొడవంతా వచ్చే ఆదివారం కార్యక్రమం గురించి. ఇద్దరూ కలిసి బ్యాండు పెట్టి పన్నెండేళ్ళయింది. చివరి పాటలో గిటారు ఒక్కటే మోగే ముక్క ఒకటుంది. అది ఎవరి గిటారు మీద మోగాలన్న దగ్గర బావా బావమరుదులకి చెడింది. డాక్టరు గిటారు భుజం లాగేసేంత బరువు. దాని మెడ లావుగా, గుప్పిట నిండుగా ఉంటుంది. మీటితే మోత కడుపులో తెలియాలి, అదీ వాయిద్యమంటే అని అతని వాదన. కళ్ళజోళ్ళ షాపు నడిపే బావమరిదిది తేలికపాటి గిటారు. సన్నటి మెడ మీద వేళ్ళు సబ్బు రాసినట్టు జారిపోతాయి, ఒక్కో స్వరం గణగణమని విడివిడిగా వినిపిస్తుంది. దాన్ని డాక్టరు చీపురుపుల్ల అన్నాడు. అతను దీన్ని తలుపుచెక్క అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నీ చెవులకి డ్రిల్లు మోత తప్ప ఇంకేం ఎక్కదని బావమరిది అనేశాడు. నీ కళ్ళజోడు ముందు నీ చెవులకి తగిలించుకోమని డాక్టరు అన్నాడు. మూడు వారాలుగా మాటల్లేవు. డ్రమ్స్ వాయించే మిత్రుడు విసిగిపోయి, ఇవాళ సాయంత్రంలోగా తేల్చకపోతే తన దారి తను చూసుకుంటానని కబురు పెట్టాడు.

పోతే పోనీ అని డాక్టరు పైకి అన్నాడుగానీ, నిద్ర పట్టలేదు. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి ఆదివారం బ్యాండుతో గడిపే ఆ రెండు గంటలే బతుకు. పైగా బావమరిది లేని మూడు ఆదివారాలూ ఇల్లు బోసిగా ఉంది. ఆ మాట చచ్చినా ఒప్పుకోడు.

చివరికి భార్యే ఈ ఉపాయం చెప్పింది. ఆమె పిల్లలకి గిటారు పాఠాలు చెబుతుంది. ఈ బావమరిదికి మొదట తీగ మీద వేలు పెట్టడం నేర్పింది కూడా ఆమే. రెండు గిటార్లూ తలుపు వెనక తనే వాయిస్తానంది. ఏది బాగుందో ఇద్దరూ చీటీ రాసివ్వాలి. తలుపు కింద నుంచి వచ్చిన వైరు హాల్లో గిటారు మోత పెంచే ఆంప్‌కి కలిపి ఉంది.

“ఒకే చెయ్యి, ఒకే పాట, ఒకే ఆంప్. ఇక తేడా అంటూ ఉంటే అది గిటారుదే,” అన్నాడు డాక్టరు, ఎక్స్‌రే చూసి చెప్పినంత ఖచ్చితంగా.

మొదటిసారి పాట మోగింది. డాక్టరు మొహం చిట్లించాడు. బోలుగా ఉందన్నాడు, రేకు డబ్బా మీద గరిటె వేసినట్టుందన్నాడు. బావమరిది మాత్రం కళ్ళప్పగించి తలుపు వంకే చూస్తున్నాడు.

రెండోసారి అదే పాట మొదలవగానే డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. తల దానంతటదే ఊగింది.

“విన్నావురా ఆ నిండుతనం? నిద్రలో లేపి వినిపించినా చెబుతాను. రెండోది నాదే.”

ఇద్దరూ చీటీలు రాశారు. ఆమె బయటికొచ్చి విప్పి చూసింది. డాక్టరు రెండోది బాగుందన్నాడు, బావమరిది మొదటిది బాగుందన్నాడు.

“మీరు మెచ్చుకున్న రెండోది వాడి గిటారు,” అంది భర్తతో. “వాడికి నచ్చిన మొదటిది మీది.”

డాక్టరు చీటీ లాక్కుని మళ్ళీ చదువుకున్నాడు. తన గిటారుని తన నోటితోనే రేకు డబ్బా అన్నాడు. బావమరిది అక్క వంక చూసి ఏదో అనబోయాడు. ఆమె కళ్ళతోనే కసిరింది. అంతే, అతను నవ్వు మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. తనని ఎగతాళి చెయ్యకుండా అంత హాయిగా నవ్వుతుంటే డాక్టరుకి గుండె కరిగిపోయింది.

“తప్పు నాదేరా. చీపురుపుల్ల అనకుండా ఉండాల్సింది.”

“నేను మాత్రం తక్కువన్నానా బావా? వదిలెయ్.”

పాటలో ఆ ముక్క చెరి సగం వాయించాలని అక్కడికక్కడే తేలిపోయింది. డ్రమ్స్ మిత్రుడికి ఫోన్ కూడా వెళ్ళింది. మూడు వారాల బరువు దిగిపోయి, డాక్టరుకి ఉత్సాహం పట్టలేకుండా ఉంది.

“ఇంకో మాట. నీది నాకు నచ్చింది, నాది నీకు నచ్చింది. ఆదివారం మార్చుకుని వాయిద్దాం.”

“ఎందుకండీ, ఎవరిది వాళ్ళకే అలవాటు,” అంది భార్య గబుక్కున.

అప్పటికే అతను లోపలికెళ్ళి రెండు పెట్టెలూ తెచ్చేశాడు. తనది బావమరిది చేతుల్లో పెట్టి, అతని పెట్టెని ఒళ్ళో పెట్టుకున్నాడు. కాఫీ తాగాక చూసుకోవచ్చు కదా అని ఆమె అంటూనే ఉంది. బావమరిది నెమ్మదిగా చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఆ నిండుతనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నా వేళ్ళకి తెలియాలి,” అంటూ డాక్టరు పెట్టె మూత ఎత్తాడు.

లోపలున్న గిటారుకి ఒక్క తీగ కూడా లేదు.