అతిథుల ముందు అక్క

"మా దగ్గర పనివాళ్ళు లేరండీ, అంతా కుటుంబమే. ఈవిడ మా అక్క," అని హోమ్‌స్టే యజమాని పర్యాటకులకు నన్ను చూపించాడు. ఊరివాళ్ళకు బతుకునిచ్చే పర్యాటకమంటే ఇదేనని వాళ్ళు మురిసిపోయారు. ఎంగిలి ప్లేట్లు తీస్తూ నేను నవ్వాను. నవ్వడం కూడా నా పనిలో భాగమే.

బస్సు మలుపు తిరిగాక అడిగాను.

"తమ్ముడూ, గది ఖాళీ అయిందిగా. షెడ్డులో తేమకి అమ్మ దగ్గు ఎక్కువైంది. ఈ ఒక్క రాత్రి లోపల పడుకోనియ్యి."

అతను ముఖం చిట్లించాడు. "బస్సు వెళ్ళాక సార్ అనమన్నానా లేదా? పనివాళ్ళు వింటున్నారు. ముసలామె పడుకున్న పరుపు మీద గెస్టులు పడుకుంటారా? కంపు వదలదు."



ఆ గదిలోనే అమ్మ మొదట నన్ను కన్నది, తరువాత వాణ్ణి కన్నది.