దక్షిణాది అతిథులు

"నోరు తెరిచావంటే కొంప మునిగినట్టే," అన్నాడు దేషాన్, తల్లి టోపీని చెవుల కిందికి లాగుతూ.

"ఏటిరా నీ గోల? మనూరి ఏరు, మనూరి మంచు. నాను నోరు మూసుకోవాలా?"

"మూసుకోవాలి. ఇవాళ మనం దక్షిణాది నన్నింగ్ వాళ్ళం."

ఆ శీతాకాలం ఉత్తర చైనాలోని హార్బిన్ మీద దక్షిణాది జనం విరుచుకుపడ్డారు. మంచుకోటల పార్కు నడిపేవాళ్ళు వాళ్ళను కొత్తల్లుళ్ళలా చూసుకుంటున్నారు. కూర్చోవడానికి వెచ్చటి గది, తినడానికి పళ్ళు, పెద్ద మంచు జారుడుబల్లకి క్యూ లేని దారి. ఊరివాళ్ళు మాత్రం ఎముకలు కొరికే చలిలో గంటలకొద్దీ నిలబడాలి. దేషాన్ తల్లికి ఎనభై దగ్గర పడుతున్నాయి. పోయేలోగా ఒక్కసారి ఆ బల్ల మీంచి జారాలని ఆమె కోరిక. ఆ క్యూలో నిలబడే మోకాళ్ళు ఆమెకు లేవు. అందుకే ఈ వేషం.

గేటు దగ్గర ఎదురొచ్చిన గైడు పిల్ల పేరు యావ్‌లిన్. ఒకదాని మీద ఒకటి మూడు కోట్లు తొడుక్కుంది. పైదాని మీద ఎర్రటి పట్టీ: "పుట్టి పెరిగిన హార్బిన్ గైడు".

"ఎక్కణ్ణుంచి బాబాయ్?"

"నన్నింగ్ నుంచి వచ్చామండీ," దేషాన్ వార్తలు చదివేవాడిలా పలికాడు. "మా అమ్మగారికి గొంతు పోయింది. మాట్లాడలేరు."

"అయ్యో పాపం. నన్నింగ్‌లో ఎక్కడ?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. "సముద్రం ఒడ్డునేనమ్మా. అలలు మా గుమ్మంలోకే వస్తాయి."

యావ్‌లిన్‌కి పొలమారింది. మఫ్లరు మూతి మీదికి లాక్కుని చాలాసేపు దగ్గింది.

వెచ్చటి గదిలో గడ్డకట్టిన నల్ల బేరిపళ్ళు పెట్టింది. "ఇలా తినాలి," అని ఒకటి కసుక్కున కొరికి, దవడ పట్టుకుని కూలబడింది. ముసలమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. వాటిని నీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక జుర్రుకోవాలని చెప్పకుండా ఉండడం ఆమె వల్ల కావడం లేదు. దేషాన్ ఆమె కాలు తొక్కాడు.

దారిలో యావ్‌లిన్ జారిపడబోయి ముసలమ్మ చెయ్యే పట్టుకుంది. హీటరు ముందు పెరిగిన పిల్లలు ఇంతేలే అని విసుక్కున్నాడు దేషాన్.

ఎట్టకేలకు జారుడుబల్ల పైకి చేరారు. యావ్‌లిన్ చాప పరిచి, ముసలమ్మను ఎంతో గౌరవంగా వెనక్కి తిప్పి కూర్చోబెట్టింది.

"ఓలమ్మోలమ్మో! యెనక్కి కూకోబెడతావేటే! పీక ఇరిగి సస్తాను!"

కింద క్యూలో జనం తలలెత్తారు. సూపర్‌వైజరు ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఎవరా అరిచింది? అచ్చం మనూరి యాస! దొంగ అతిథులెవరో దూరారు, కిందికి దింపెయ్యండి!"

దేషాన్ తల్లికి అడ్డంగా నిలబడ్డాడు. ముసలమ్మ రెండు చేతులా చాపను గట్టిగా పట్టుకుంది.

"నేనే సార్," అంది యావ్‌లిన్. "నా యాస అంతే కదా."

అతను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. యావ్‌లిన్ చాపను ఇటు తిప్పి ఒక్క తోపు తోసింది. ముసలమ్మ కేకలు పెట్టుకుంటూ, చిన్నపిల్లలా నవ్వుకుంటూ కిందికి దూసుకుపోయింది.

దేషాన్‌కి కళ్ళు చెమర్చాయి. "ఎప్పుడు కనిపెట్టావమ్మా?"

"గేటు దగ్గరే."

"మరెందుకు పట్టివ్వలేదు?"

యావ్‌లిన్ అటూ ఇటూ చూసి, మఫ్లరు దించి, అతని చెవిలో చెప్పింది.

"మా నన్నింగ్‌లో సముద్రం లేదు బాబాయ్."