మామగారి కడుపులో పురుగులు

అక్వేరియంలోని బంగారు చేప మేత బాగానే తింటున్నా రోజురోజుకీ చిక్కిపోతోంది. దాని వెనక తెల్లటి దారంలా మలం వేలాడుతోంది. కడుపులో పురుగులేమోనని కోడలికి అనుమానం వచ్చింది. పశువుల డాక్టరేమో చేపల్ని చూడనన్నాడు. దాంతో ఆమె ఆ మలాన్ని చిన్న డబ్బాలో పట్టి, మామగారి పేరు, ఇంటి ఫోన్ నంబరు చెప్పి ల్యాబులో ఇచ్చి వచ్చింది.

మర్నాడు ల్యాబువాళ్ళు నేరుగా మామగారికే ఫోన్ చేశారు. కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన పొట్ట పట్టుకుని మంచం మీద మూలుగుతున్నారు.

"నా కడుపు నిండా పురుగులేనటమ్మా! అలాంటి గుడ్లు ఇంతవరకూ ఏ మనిషిలోనూ చూడలేదట. ఇక నా పని అయిపోయినట్టే. అబ్బాయిని పిలిపించు."

కోడలు గబగబా మంచం దగ్గరికి వచ్చింది. "క్షమించండి మామయ్యా! అవి మీవి కావు, చేపవి. మనిషి పేరు చెప్పకపోతే పరీక్ష చెయ్యరని మీ పేరు చెప్పాను."

మామగారు టక్కున లేచి కూర్చున్నారు.

"ఆ మాత్రం తెలీదా? ల్యాబు గడపే తొక్కనివాడికి పురుగులున్నాయని ఎలా తేలుతుంది? ఇంట్లో చిక్కిపోతున్నది ఆ చేప ఒక్కటేగా! మధ్యాహ్నమే చేపల దుకాణంలో మందు తెచ్చి, మేతలో కలిపి పెట్టేశాను. నువ్వు ఒప్పుకునేదాకా మూలిగి మూలిగి గొంతెండిపోయింది. కాస్త కాఫీ పెట్టు తల్లీ!"