పాల లెక్క తెల్లటి ఫిల్టర్

పొగ తాగేది మీరు, తప్పు మాత్రం దగ్గేవాళ్లది. అవును, మిమ్మల్నే అంటున్నాను.

తెల్లాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ టవర్లో ఉండే నితీష్‌దీ ఇదే న్యాయం. ఖరీదైన ఎయిర్ ప్యూరిఫైయర్ ఎంచి తెచ్చాడు, ఇక సిగరెట్లు హాల్లోనే. మిషన్ బాగా పనిచేయాలంటూ కిటికీలన్నీ మూయించాడు. లోపల భార్య రోహిణికి దగ్గు, పాపకు పిల్లికూతలు. "ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా?" అని డాక్టర్ అడిగితే "లేదు సార్" అన్నాడు.

ఇవాళ ఫిల్టర్ మార్చమని మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. నితీష్ పాత ఫిల్టర్ బయటికి లాగి రోహిణి ముఖం ముందు పెట్టాడు.

"సూడు, పాల లెక్క తెల్లగున్నది. దీంట్ల నా పొగ ఏడున్నది? మీ నాయన ఉబ్బసమే పాపకొచ్చింది."

రోహిణి దాన్ని వేలితో గీరింది. కరకరమంది. కంపెనీవాళ్లు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా దాని మీదే ఉంది.

"కవర్ తియ్యకనే పెట్టినవా నితీష్? అయితే ఇన్నిరోజులు నీ పొగ వడగట్టింది నేను, నా బిడ్డ."

కిటికీ బార్లా తెరిచి, ఒక్కొక్కటే చెప్పింది.

కిటికీలు ఇగ మూయొద్దు.
ఇంట్ల సిగరెట్ ముట్టియ్యొద్దు.
మా నాయన పేరెత్తొద్దు.
రేపు డాక్టర్ మళ్ల అడిగితే, నిజం నువ్వే చెప్పాలె.