కొర్లమ్మ ఏ వీధి మనిషి?

కొర్లమ్మ పెద్దకర్మ నాడు, వాకిట్లో మూడు బైకులు వచ్చి ఆగాయి.

హెల్మెట్లు తీస్తున్న ముగ్గురు మగవాళ్ళను చూసి కూతురు లోవలక్ష్మి గబగబా గుమ్మంలోకి వచ్చింది. పోయాక కూడా అమ్మ ఏదో తంటా తెచ్చిపెట్టిందనుకుంది.

"కొర్లమ్మ మామ్మ ఇల్లు ఇదేనా అప్పా?" అన్నాడు ముందున్న ఎర్రిబాబు.

"అవును. ఆవిడ కూతుర్ని. ఏటి బాబూ, ఏటైంది?"

"ఏటీ నేదు. జంక్షన్లో ఫ్లెక్సీ మీద మామ్మ బొమ్మ సూసేం. కాళ్ళూ సేతులూ ఆడనేదు. అయితే మామ్మ ఇల్లు ఈ గవరపాలెంలో ఏటి? మా కశింకోట మనిషి కదా!"

"కశింకోటేటి బావా? మా తుమ్మపాల," అన్నాడు రెండోవాడు సన్యాసిరావు. "మా ఎనక ఈదే. ఎన్నిసార్లు నా బండి మీద దింపేనో!"

"మీ ఇద్దరికీ మతి పోయింది. మామ్మది మునగపాక," అన్నాడు త్రినాధరావు అనే మూడోవాడు.

పక్కింటి తలుపులమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

"ఓలమ్మో! మీయమ్మ ఎన్ని కాపురాలు పెట్టిందే లోవా!"

ఏడవడానికి వచ్చిన చుట్టాలందరూ గొల్లున నవ్వారు. లోవలక్ష్మికీ నవ్వాగలేదు.

అమ్మ అంతే. చెరుకు లారీ ఆపి, డ్రైవరు పక్కన కూర్చుని రావికమతం వెళ్ళిన మనిషి. పూడిమడకలో ఆడవాళ్ళు ఎక్కకూడదని ఎంతమంది మొత్తుకున్నా తెప్ప ఎక్కేసి, తడిసి ముద్దయి వచ్చింది.

"నీకు ఈత రాదు కదే!" అని లోవలక్ష్మి లబలబలాడితే, "తెప్పకొచ్చు కదే," అంది.

అయినా లోవలక్ష్మి లోపల ఒక ముల్లు ఉండిపోయింది.

లోవలక్ష్మి భర్త నానాజీ పోయాక, "నీకు తోడుంటానే" అంటూ పాయకరావుపేట నుంచి సంచీ పట్టుకుని వచ్చింది అమ్మ. వచ్చిందన్న మాటే గానీ ఏ తెల్లవారుజామునా ఇంట్లో లేదు. చీకటితోనే పాలవ్యాను ఎక్కి పరవాడ వైపు పోయేది. ఎండెక్కాక తిరిగొచ్చేది.

"నా కాడ కూకోవే అమ్మా. గుమ్మం దిగినోళ్ళు మళ్ళీ వత్తారో రారోనని పేణం పీకుతాది."

"నాలుగూళ్ళు తిరక్కపోతే నాకు కూడరగదే!"

కూతురి కన్నా ఊళ్ళు ఎక్కువయ్యాయా అని అడగాలనుకుంది లోవలక్ష్మి. అడగనే లేదు. అమ్మ జ్వరంతో పడుకుని, అలాగే వెళ్ళిపోయింది.

బైకుల వాళ్ళను విస్తళ్ళ ముందు కూర్చోబెట్టి, నెయ్యి గిన్నెతో వాళ్ళ ఎదుట నిలబడింది లోవలక్ష్మి.

"నిజం సెప్పండి బాబూ. పరవాడలో మాయమ్మకి ఏటి పని?"

"ఏ పనీ నేదప్పా," అన్నాడు ఎర్రిబాబు. "కంపెనీల మలుపు కాడ టీ కొట్టు దగ్గర కూకునీది. మేం నైటు డ్యూటీ దిగి టీ తాగుతాం కదా. మెల్లగా వచ్చి, మీ ఊరేదిరా అనీది. సెప్తే, ఓరి నీ దుంప తెగ, మాదీ అదే కదరా, దింపీ అనీది."

"ఎక్కితే ఊరుకుంటాదా!" అన్నాడు సన్యాసిరావు. "పొడుపుకథ ఏసీది. ఇప్పకపోతే హెల్మెట్ మీద ఠంగుమని మొట్టికాయ. మీ ఆవిడ నిన్నెలా భరిత్తందిరా అని యెటకారం ఒకటి."

"నన్నయితే గిచ్చీది," అన్నాడు త్రినాధరావు. "మా ఆవిడ ఆ మచ్చ సూసి ఎవత్తిరా అది అని రెండ్రోజులు కూడు పెట్టనేదు."

మళ్ళీ నవ్వులు.

"అందరి బళ్ళూ ఎక్కీదా?" అంది లోవలక్ష్మి.

"అందులోనే ఉంది తిరకాసు," అన్నాడు ఎర్రిబాబు. " టీ తాగుతా ఎవడు ఆవలిత్తే ఆడి బండే! మేం మూతులు బిగబట్టుకుని తాగినా కనిపెట్టీసీది."

లోవలక్ష్మి నెయ్యి గిన్నె కింద పెట్టేసింది.

నానాజీ కూడా నైటు డ్యూటీ దిగి వస్తూనే, ఆ రోడ్డు మీద బండి నడుపుతూ నిద్రపోయి, ఇల్లు చేరనే లేదు.

"దిగేక... ఎటెళ్ళీది?" అంది మెల్లగా.

"మా గుమ్మం ముందే దిగీది," అన్నాడు ఎర్రిబాబు. "మా ఆవిడ తలుపు తీసిందాకా కదిలీది కాదు. ఓసారి కిటికీలోంచి సూత్తే, ఈదిలోకి ఎల్లకుండా ఆటోల కేసి నడిసిపోతంది. మామ్మకి మళ్ళీ ఎక్కడికో తిరగబుద్ధయింది కాబోలని నవ్వుకున్నాను."

"పోన్లే అప్పా," అన్నాడు సన్యాసిరావు. "మా బళ్ళ మీద కులాసాగా తిరిగింది. మామ్మని దింపిన పుణ్యమైనా మాకు దక్కింది."

లోవలక్ష్మి ముఖం నిండా నవ్వు, కళ్ళ నిండా నీళ్ళు.

"కడుపు నిండా తినండి నాయినా. ఇంట్లో మీ ఆడోళ్ళకీ కట్టిత్తాను," అంటూ వాళ్ళకు కొసరి కొసరి వడ్డించింది.

మామ్మను దింపామనే అనుకుంటూ తింటున్నారు వాళ్ళు. పొద్దున పొద్దున్నే ఒక్కొక్కణ్ణి వాడి పెళ్ళాం గుమ్మం ముందు దింపి వచ్చింది అమ్మ.