పొర బిగువు

"శభాష్! మళ్లీ ఈ అమ్మాయి కణాలే గట్టిపడ్డాయి," అన్నారు ప్రొఫెసర్, తెర మీద పైకి లేచిన గీతను చూసి మురిసిపోతూ.

అక్కకు ఒళ్లు మండింది. ల్యాబులో అందరికీ ఆమె అక్కే. ఆ ల్యాబు తలుపులు తెరిచిన రోజు నుంచీ అక్కడే ఉంది. ఆ అమ్మాయేమో నిన్న గాక మొన్న వచ్చింది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలు.

వాళ్ల పని చెప్పుకోవడానికి తేలికే. మసికన్నా సన్నటి కార్బన్ పొడిని మనిషి రక్తకణాలకు కలపాలి. తర్వాత యంత్రపు సూదితో కణం పైపొరను నొక్కి, అది ఎంత బిగుసుకుందో చూడాలి. ఎవరి ప్రయోగానికి వాళ్ల రక్తమే వాడుకుంటారు. ఒక్కొక్కరి రక్తం కాస్త ఒక్కో తీరు కాబట్టి, మొదట ఉన్న బిగువు ఎంతన్నది ఎవరూ పట్టించుకోరు. పొడి కలిపాక ఎంత పెరిగిందన్నదే లెక్క.

అమ్మాయికి ప్రతిసారీ బోలెడు పెరుగుతోంది. అక్కకు వెంట్రుకవాసి కూడా పెరగదు.

"దేనికైనా హస్తవాసి ఉండాలిలేమ్మా," అని ప్రొఫెసర్ ఓదార్చారు ఒకసారి. ఆ ఓదార్పుతో కడుపుమంట ఇంకాస్త ఎగిసింది. ఇప్పుడు కాఫీ మిషన్ దగ్గర కూడా అందరూ ఆ పిల్ల చుట్టూనే చేరుతున్నారు. తనది అసూయేనని అక్కకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

పైగా కొత్త విభాగం పెడుతున్నారు. శుక్రవారం ఎవరి ఫలితం బాగుంటే దానికి వాళ్లే పెద్ద. ఆ కుర్చీ కోసం అక్క ఏళ్ల తరబడి కాచుకుని కూర్చుంది.

"అక్కా, పొడి తూచే గదికి వెళ్తున్నా. నా మాస్కు ఎక్కడైనా చూశారా?"

"మాస్కు మీద మాస్కు, కళ్లద్దాలు, తొడుగులు... పొడి తూచడానికా, తేనెపట్టు కొట్టడానికా?"

అమ్మాయి నవ్వేసింది. "భయం అక్కా."

"ఇన్నేళ్లుగా ఈ పొడితోనే కాపురం చేస్తున్నా. నన్నేమన్నా కొరుక్కు తిందా?"

గురువారం భోజనాల వేళ ల్యాబులో ఎవరూ లేరు. అమ్మాయి పొడి కలిపి పెట్టుకున్న సీసా స్టాండులో ఉంది. అక్క దాని దగ్గరికి వెళ్లింది. ఇలాంటి పని ఆమె ఎన్నడూ చేసి ఎరగదు. ప్రొఫెసర్ శభాషులన్నీ ఒక్కసారి గుర్తు తెచ్చుకుని ధైర్యం కూడగట్టుకుంది.

సీసాలోది సింకులో పారబోసి, శుభ్రంగా కడిగింది. ఫ్రిజ్‌లోంచి పొడి కలపని రక్తం కాస్త తీసి అందులో పోసింది. చూడటానికి అదే ఎరుపు.

"పొడే లేనప్పుడు బిగువెలా పెరుగుతుందో నేనూ చూస్తా," అనుకుంది. "రేపటితో నీ హస్తవాసి సంగతి తేలిపోతుందిలే తల్లీ."

శుక్రవారం అందరూ యంత్రం చుట్టూ మూగారు. ముందు అమ్మాయి మామూలు కణాలు పెట్టారు. సూది తగలగానే మెత్తగా లొంగాయి. తర్వాత రెండో సీసాలోవి పెట్టారు. నవ్వు ఆపుకోలేక అక్క పెదవి కొరుక్కుంది.

సూది దిగనంటే దిగనంది. గీత నిటారుగా పైకి లేచింది. ఆ ల్యాబులో ఎన్నడూ చూడనంత బిగువు.

ప్రొఫెసర్ చప్పట్లు కొట్టారు. "ఇంతగా మసి పట్టిన కణాలు నా సర్వీసులో చూడలేదమ్మా! ఆ కుర్చీ నీదే పో!"

అమ్మాయి సంతోషం పట్టలేక అక్కను వాటేసుకుంది.

"అదేంటక్కా, చేతులింత చల్లగా ఉన్నాయి?"

అక్క ఫ్రిజ్ వైపే చూస్తోంది. కుర్చీ మాట ఆమె చెవికి ఎక్కనే లేదు.

నిన్న ఆ సీసాలో ఆమె పోసింది, చిటికెడు పొడైనా కలపని తన సొంత రక్తం.