తొమ్మిదో ముఖం

తొండో మురికివాడలో ఓ ఇంటికి నిచ్చెన వేసి ఎక్కిన కార్యకర్త డెల్ఫిన్ కత్తెర తీశాడు. సెనేట్ ఎన్నికలకు ఇంకా వారమే ఉంది. ఐదు పార్టీల కూటమి ఫ్లెక్సీ మీద పన్నెండు ముఖాలున్నాయి. నిన్న కూటమికి చెయ్యిచ్చి పోయిన తొమ్మిదో అభ్యర్థి ముఖం కోసెయ్యమని పైనుంచి ఆర్డరు.

"ఇంకెవర్నైనా కోసుకో నాయనా, ఆయన్ని మాత్రం వదిలెయ్," అని ఆ ఇంటి ముసలామె క్రిసాంతా కిందనుంచి బతిమాలింది.

"మనల్ని ముంచినవాడి మీద అంత ప్రేమేంటి అవ్వా? నీకేమైనా చుట్టమా?"

"ఆయన పేరు కూడా నాకు తెలీదురా."

డెల్ఫిన్ నవ్వి, చకచకా కోసేశాడు.

ఆ ఫ్లెక్సీయే ఆ ఇంటికి కప్పు. ముఖం తీసేసిన కంతలోంచి కింద ఇంకో ముఖం కనిపించింది. మంచంలో కదల్లేక పడున్న క్రిసాంతా భర్త అతన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళలో మే నెల తొలి వాన చినుకు పడింది.